బెల్గాచియా దాకా

పిల్లి తన పిల్లను కాలితో తోసెయ్యడం నారాయణమ్మ ఆ ఉదయమే మొదటిసారి చూసింది. బియ్యం బస్తాల వెనక చిరిగిన గోనెసంచి మీద పడుకుని ఉంది అది. ఇంకా సరిగా కళ్లు తెరవని పిల్లలు మూడూ పొట్ట కిందికి పాకుతున్నాయి. అందులో ఒకటి వెనక కాలి దగ్గరి చన్ను పట్టుకోబోయేసరికి తల్లి బుస్సుమని దాన్ని అవతలికి నెట్టింది. పిల్ల వెల్లకిలా పడి కీచుమంది. నెట్టిన తల్లే మళ్లీ మెడ చాచి దాన్ని దగ్గరికి లాక్కుని నాకింది. నాకుతూనే మూలిగింది.

ఎక్కువసేపు చూసే తీరిక నారాయణమ్మకు లేదు. పెళ్లాం బిడ్డల్ని శ్రీకాకుళం పల్లెల్లో వదిలి బెంగాలీల ఊళ్లోని గార్డెన్ రీచ్ ఓడరేవులో పనికొచ్చిన మగవాళ్లకు ఆమె ఇల్లే భోజనశాల. పొద్దున షిఫ్టుకు వెళ్లేవాళ్లు చద్దన్నం తిని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి వేడన్నం, పప్పు, చేపల పులుసు కావాలి. బొగ్గు పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. కత్తిపీట ముందు కోడలు హైమ చేపలు తోముతోంది, తల వంచుకుని, ఒక్క పొలుసు కూడా పక్కన పడకుండా.

"పిల్లికేదో అయినాదత్తా," అంది హైమ తల ఎత్తకుండానే. "నిన్నట్నుంచి చేప తలకాయ ఏసినా ముట్టలేదు."

నారాయణమ్మ బియ్యం ఎసట్లో పోస్తూ ఊ కొట్టింది. పిల్లి సంగతి కాదు, ఈ కోడలుపిల్ల సంగతే ఆమెకు బెంగ. ఎండల్లో పెళ్లయి వచ్చింది, వానలు వెనకబడుతున్నాయి, ఇంకా నలుగురుండగా కొళాయి దగ్గరికి వెళ్లదు. అన్నానికొచ్చినవాళ్లు మారు వడ్డించమంటే గిన్నె అత్త చేతికిచ్చి లోపలికి తప్పుకుంటుంది. ఒకసారి రేషను కొట్టుకు పంపితే కొట్టువాడు బెంగాలీలో ఏదో కసిరాడని ఖాళీ సంచితో ఏడుస్తూ వచ్చింది. ఈ ఊళ్లో ఇలాంటి పిల్లతో నెట్టుకురావడం తన వల్ల కాదని నారాయణమ్మ తేల్చుకుంది. హైమకు మేనమామ వరసైన దేముడు ఇంటికప్పు నేసుకోడానికి శుక్రవారం ఊరెళుతున్నాడు. అతనితో పుట్టింటికి పంపిస్తే కొన్నాళ్లు అక్కడే ఉంటుంది, కాస్త ధైర్యం వచ్చాక చూసుకోవచ్చు. కొడుకు అప్పలసూరి ఎప్పటిలాగే నీ ఇష్టమమ్మా అన్నాడు. నిన్న రాత్రి హైమకు ఆ మాట చెప్పారు. ఆమె విని, పరుస్తున్న చాపను పరవడం పూర్తిచేసింది. అంతే. నీకేమనిపిస్తోందని ఎవరూ ఆమెను అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నారాయణమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది. హైమ అంట్లు తోమే పని పక్కన పెట్టి, పిల్లి పడుకున్న గోనెను అలాగే పట్టుకుని మెల్లగా వెలుతురులోకి లాగింది. పిల్లి లేవలేదు. హైమ దాని వెనక కాలు కొంచెం పక్కకు జరిపింది. అప్పుడు కనపడింది వాపు. చివరి చన్ను చుట్టూ నిమ్మకాయంత గట్టిగా, ఎర్రగా, చర్మం మెరిసిపోయేట్టు బిగుసుకుపోయి ఉంది. హైమ వేళ్ల వెనక వైపు దానికి ఆనించింది. పిల్లి గిరుక్కున తిరిగి ఆమె మణికట్టు పట్టుకుంది. పళ్లు దిగాయి. హైమ చెయ్యి లాక్కోలేదు. పిల్లి దానంతటది వదిలేదాకా అలాగే ఉంచింది.

"కాలిపోతంది," అంది.

"ఒగ్గీ," అంది నారాయణమ్మ. "పిల్లులన్నాక కొన్ని బతుకుతాయి, కొన్ని పోతాయి. మనవేటి సేస్తాం?"

పక్కింటి అప్పాయమ్మ కార్పొరేషను ఊడ్పు పని నుంచి వస్తూ వస్తూ అక్కడ ఆగి, చీపురు గోడకు ఆనించింది. నడుం మీద చేతులు పెట్టుకుని వంగి చూసి, పాలు గడ్డకట్టి చీము పడుతోందేమోనంది. బెల్గాచియాలో పశువుల పెద్దాసుపత్రి ఉంది, కుక్కల్నీ పిల్లుల్నీ కూడా చూస్తారు అని చెప్పింది. బస్సులో ధర్మతలా దాకా వెళ్లి అక్కడ ట్రామెక్కాలి, ఊరికి ఆ చివర.

నారాయణమ్మకు నవ్వొచ్చింది. "ఈ గుంట రేషను కొట్టుదాకానే ఎల్లలేదు. బెల్గాచియా ఎల్తాదా?"

హైమ గోనెను మళ్లీ బస్తాల వెనక్కి జరిపి అంట్ల దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం కొళాయి దగ్గర ఆమె అప్పాయమ్మతో ఏదో అడుగుతూ నిలబడటం నారాయణమ్మ చూసింది. ఈ పిల్ల తనంతట తానే ఒకరితో మాట్లాడుతోందే అనుకుంది, అంతకుమించి పట్టించుకోలేదు.

మర్నాడు నారాయణమ్మ కూరల బజారు నుంచి వచ్చేసరికి పొయ్యి రాజి ఉంది. పప్పు ఉడికి దిగి ఉంది. కోసిన చేపముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి పళ్లెం బోర్లించి ఉంది. చింతపండు నానుతోంది. హైమ మాత్రం లేదు. కొళాయి దగ్గరికి వెళ్లిందేమో అనుకుని నారాయణమ్మ బియ్యం ఎసట్లో పోసి వంకాయలు తరగడం మొదలుపెట్టింది. కొంతసేపటికి బస్తాల వెనక నుంచి సన్నటి కేకలు వినిపించాయి. వెళ్లి చూస్తే పిల్లలు మూడూ తట్టలో పాత చీరముక్క మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తల్లి లేదు. మేకుకు తగిలించి ఉండే తన బజారు సంచి, జిప్పున్నది, అదీ లేదు.

అప్పుడు ఆమెకు అర్థమైంది. ఉన్నపళాన బయటికి పరుగెత్తింది. అప్పాయమ్మ తలుపుకు తాళం. బస్సు ఆగేచోట హైమ ఎక్కడా లేదు. ఎదురుగా గోడ మీద కొడవలీ సుత్తీ కింద రాసిన పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు, ఎర్రజెండాలు కట్టుకుని మనుషుల్ని కుక్కుకుని వెళుతున్న లారీలు. ఆమె తిరిగొచ్చేసింది. అన్నం మాడిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన దేముడు ఈ రోజు ఊరి మధ్య మైదానంలో పెద్ద సభ ఉందని చెప్పాడు. ఊరేగింపులు అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి, దారిలోని కిదిర్‌పూర్ నుంచి అవతలికి బస్సులు కదలడం లేదట. నారాయణమ్మ గుమ్మంలోకి వచ్చి సందు చివరికి చూసింది. ఆ పిల్లకు బెంగాలీ రాదు, హిందీ రాదు. ఇంటి పేరు చెప్పగలదేమో, ఈ వీధి పేరు చెప్పగలదో లేదో. కొడుకు పని నుంచి వచ్చి అడిగితే ఏమని చెప్పాలి? ఊళ్లో వియ్యపురాలికి ఏమని చెప్పాలి? మాడిన అన్నం వడ్డించింది. అందరూ మాడు పక్కకు తీసుకుంటూ తిని లేచారు. దేముడు మాత్రం పని మానుకుని, బస్సుల దారి చూసొస్తానని వెళ్లాడు.

తట్టలో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. నారాయణమ్మ ఒక గుడ్డ పీలికను మేకపాలలో ముంచి ఒకదాని మూతికి పెట్టింది. అది తల అటూ ఇటూ తిప్పి, గుడ్డను వదిలి, ఆమె బొటనవేలి కోసం తడుముకుంది. వేలిని నోట్లో పెట్టుకుని పీల్చి, ఏమీ రాక మళ్లీ అరిచింది. ఇంతమందికి అన్నం పెట్టే చెయ్యి గుప్పెడు లేని ప్రాణానికి పాలు తాగించలేకపోయింది. ఆమె ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

దేముడు ఒక్కడే తిరిగొచ్చాడు. అప్పలసూరి ఇంకా షిఫ్టు దిగి రాలేదు. చీకటి పడే వేళకు కరెంటు పోయింది. బస్తీలో అక్కడక్కడా లాంతర్లు వెలిగాయి. అప్పుడు సందు మొదట్లో హైమ కనపడింది. జడ ఊడిపోయింది. కాళ్లు చీలమండల దాకా దుమ్ము. సంచిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెలకు పట్టుకుంది. జిప్పు కాస్త తీసి ఉన్నచోట పిల్లి చెవి కదులుతోంది. హైమ గుమ్మంలో ఉన్న ఎవరినీ చూడకుండా నేరుగా తట్ట దగ్గరికి వెళ్లి సంచి దించింది. పిల్లి పాకుతూ బయటికొచ్చి పిల్లల మీద వాలి, ఒక్కొక్కదాన్నీ వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. అప్పుడు హైమ కుండలో నీళ్లు ముంచుకుని గడగడా తాగింది.

నారాయణమ్మ ఆ సాయంత్రమంతా ఒక చెంపదెబ్బా, నాలుగు మాటలూ సిద్ధంగా ఉంచుకుంది. ఏదీ బయటికి రాలేదు.

"ఎలగెల్లినావే?" అంది చివరికి.

హైమ గోడకు ఆనుకుని కూర్చుని చెప్పింది. బస్సు కండక్టరుకు బెల్గాచియా అన్న ఒక్క మాటే చెప్పింది. అతను నవ్వి, ధర్మతలాలో దిగమని చేత్తో చూపించాడు. అక్కడ ఆడవాళ్లను మాత్రమే అడుగుతూ ట్రాము పట్టుకుంది. ట్రాములో పిల్లి అరిచింది. తెల్ల పంచె కట్టుకున్న ఒకాయన ముక్కు మూసుకుని దిగిపొమ్మన్నాడు. హైమ జిప్పు తీసి వాపు చూపించింది. పక్కనున్న ముసలామె చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుని, జరిగి చోటిచ్చింది. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆసుపత్రిలో మేకల్నీ కుక్కల్నీ పట్టుకుని చాలామంది ఉన్నారట. వెనక వచ్చినవాళ్లు ఆమెను దాటుకుని ముందుకు పోతూనే ఉన్నారట.

"మరి నువ్వేటి సేసినావు?"

"సూసి సూసి నానే లోపలికెల్లిపోనాను. సంచి డాట్రు బల్లమీద ఎట్టేసినాను."

"ఏ బాసలో సెప్పినావే?"

"తెలుగులోనే. దీని పాలు గడ్డకట్టినాయి, పిల్లలకివ్వలేకపోతంది, ముందు దీన్ని సూడండి బాబూ అన్నాను." హైమ చేతి మీది పంటి గాట్లు రుద్దుకుంది. "ఆయనకి తెలుగు రాదు. అయినా సూసినాడు. ఇంటికాడ ఏటెలగ సెయ్యాలో సేసి సూపించినాడు."

వచ్చేటప్పుడు ఊరేగింపు అడ్డమొచ్చి ట్రాము ఆగిపోయింది. దిగి నడిచింది. ఎర్రజెండాలు ధర్మతలా పక్కనున్న మైదానానికే పోతాయని ఎవరో చేత్తో చూపిస్తే, ఏదో పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ల వరసలో కలిసింది. వాళ్లకూ ఊరు కొత్తే. ఒకామె కొంగులోని మరమరాలు గుప్పెడు పెట్టి, సీసాలో నీళ్లు పిల్లికి కూడా దోసిట్లో పట్టింది. మైదానం దగ్గర విడిపోయి, కిదిర్‌పూర్ దారి అడుగుతూ, అక్కడి నుంచి రేవు గోడ పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

నారాయణమ్మ ఈ ఊరొచ్చి జుట్టు నెరిసింది. బెల్గాచియా తను ఎప్పుడూ చూడలేదు. లేచి, మాడిన అన్నంలో బాగున్నది వెతికి తీసి, పులుసు వేడిచేసి కోడలికి పళ్లెంలో పెట్టింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో పనులకు కొత్త వరస వచ్చింది. పొద్దున పొయ్యి రాజగానే మొదటి నీళ్లు పిల్లికి. హైమ మెత్తటి గుడ్డను వేన్నీళ్లలో ముంచి పిండి, ముందు తన మోచేతి లోపల పెట్టుకుని చూసుకునేది. కాలదని తెలిశాక వాపు మీద ఆనించి, చల్లారేదాకా పట్టుకునేది. మళ్లీ ముంచేది. తర్వాత రెండు వేళ్లతో మొదలు నుంచి మొన వైపు, పిండి ముద్దను సాగదీసినంత నెమ్మదిగా ఒత్తేది. మొదట పసుపుపచ్చగా, చిక్కగా, నెత్తుటి చారతో వచ్చింది. దాన్ని దూదితో తుడిచి, ఆ దూదిని పొయ్యిలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని అప్పుడు పిల్లల్ని వదిలేది. మిగతా చన్నులు బాగానే ఉన్నాయి. పిల్లలు తాగుతున్నంతసేపూ జబ్బు చన్నుకు తన అరచెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చునేది. డాక్టరిచ్చిన మందును పొడిచేసి చేప ఉడికించిన నీళ్లలో కలిపి పట్టేది. పిల్లికి జ్వరం తగ్గలేదని నారాయణమ్మ తన జ్వరం మాత్ర తీసిస్తే హైమ వద్దంది. మనుషుల మాత్రలు పిల్లికి విషమని డాక్టరు మాత్ర ఒకటి చూపించి, గట్టిగా చెయ్యి ఊపి మరీ చెప్పాడట.

అన్నిటికంటే ఆ పిల్లి ఓర్పు నారాయణమ్మను ఆపేసేది. పులుసు కలుపుతూ కలుపుతూ గరిటె పట్టుకుని నిలబడిపోయేది. ఒళ్లు కాలిపోతూ, తల ఎత్తే ఓపిక లేకపోయినా, ఏ పిల్ల కీచుమన్నా దాని చెవి అటు తిరిగేది. హైమ చెయ్యి పడగానే కోపంతో గుర్రుమనేది, మరుక్షణం ఆ చేతినే నాకేది. హైమ ముఖంలో మాత్రం విసుగుగానీ జాలిగానీ కనపడేది కాదు. పని చేస్తున్న మనిషి ముఖం అది. చేపలు తోమేటప్పుడు కూడా అదే ముఖమని నారాయణమ్మకు ఇప్పుడు తోచింది. ఇన్నాళ్లూ దాన్ని భయమనుకుంది.

గడ్డ మెత్తబడి మర్నాడు పగిలింది. ఆ వాసనకు నారాయణమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వెళ్లిపోయింది. హైమ ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడిగింది. పిల్లి మళ్లీ కరిచింది. "అయిపోనాదమ్మా, ఒక్క రవ్వ," అంటూ హైమ కడుగుతూనే ఉంది. సరిగ్గా ఆ వేళకే అన్నానికొచ్చినవాళ్లు పళ్లేల కోసం లోపలికి రాబోయారు. హైమ తల తిప్పి చూసింది.

"బయట కూసోండి బాబూ. ఇది బెదిరిపోతాది," అంది.

గొంతు పెంచలేదు. అయినా మోకు లాగి లాగి భుజాలు కాయకట్టిన ఆ మగవాళ్లంతా గుమ్మంలోనే ఆగిపోయారు. కొందరు ఆమె గొంతు వినడం అదే మొదలు. అందరూ వెళ్లి సందులో గోడవారన కూర్చున్నారు. ఆ రోజు నారాయణమ్మ వాళ్లకు బయటే వడ్డించింది. సాయంత్రం కొళాయి దగ్గర బిందె నిండిపోతున్నా పట్టించుకోకుండా, మా కోడలు బెల్గాచియా వెళ్లిన వైనం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది. అప్పాయమ్మ నవ్వుతూ, మరి శుక్రవారం పంపిస్తున్నావుగా అంది. నారాయణమ్మ బిందె చంకకెత్తుకుని ఇంటి దారి పట్టింది.

గురువారం రాత్రి అన్నాల దగ్గర అప్పలసూరితో, హైమ ఇప్పుడే వెళ్లనక్కర్లేదేమో అంది. అతను తల్లి ముఖం చూసి, నీ ఇష్టమమ్మా అన్నాడు. ఆ మాట ఎప్పుడూ ఆమెకు హాయిగా ఉండేది. ఈసారి రుచించలేదు. హైమ నిద్రపోయింది, రేపు చెపుదాంలే అనుకుంది.

శుక్రవారం పొద్దున అప్పలసూరి షిఫ్టుకు వెళ్లాక దేముడు భుజాన సంచితో వచ్చాడు. నారాయణమ్మ అతనికి టీ గ్లాసు అందించి, చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే లోపలి నుంచి హైమ తన రేకుపెట్టె రెండు చేతులా పట్టుకుని వచ్చి గుమ్మం పక్కన దించింది. తల దువ్వుకుని, పెళ్లినాటి నీలంచీర కట్టుకుని ఉంది.

"పులుసు దించేసినానత్తా," అంది. "పిల్లికి పొద్దుటిది అయిపోనాది. మద్దినేళ నువ్వు కాపడం పెట్టాల. కరిస్తే కరవనీ, సెయ్యి లాగీకు. లాగితే గీరుకుపోతాది. పుండు మూసుకుంటంది, బయం లేదు."

నారాయణమ్మ పెట్టె వంక చూసింది. తను పంపితే పోవలసిన పిల్ల, తను ఉంచుకుంటే ఉండిపోయే పిల్ల అనే ఇంతవరకూ అనుకుంది. హైమ ఎప్పుడు పెట్టె సర్దుకుందో కూడా ఆమెకు తెలియదు.

"ఎల్లకపోతే ఏటే?" అంది. మామూలుగా అందామనుకుంది, గొంతు మాత్రం బతిమాలినట్టు వచ్చింది. "ఉండిపోకూడదేటి? నీకెలాగుంది సెప్పు."

హైమ పెట్టె గొళ్లెం బిగించింది. దేముడు టీ తాగడం ఆపి ఒకసారి నారాయణమ్మను, ఒకసారి హైమను చూశాడు.

"ఎల్లమన్నప్పుడు నన్నెవులూ అడగలేదత్తా," అంది హైమ. మాటలో నిష్ఠూరం లేదు. "ఇప్పుడడిగినావు గాబట్టి సెప్తన్నాను. మాయమ్మని సూడాలనుంది. నువ్వు పంపిస్తన్నావని గాదు, నాకే ఎల్లాలనుంది. సూసొస్తాను."

"అలాగే. ఆడ నాలుగు రోజులుండు. దేముడు ఇల్లు నేసుకుని తిరిగొచ్చినప్పుడు..."

"మావ కోసం ఆగను. మావకెన్నాళ్లు పడతాదో." హైమ కొంగు నడుముకు దోపుకుంది. "రైలు హౌరాకే గదా వొస్తాది. ఆడనుంచి దారి నానడుక్కుంటాను. ఈ పిల్లలు బస్తాలెక్కి దూకీలోగా వొచ్చేస్తాను."

దేముడు కంగారుపడ్డాడు. ఆడపిల్ల అంత దూరం రైల్లో ఒక్కతే ఎలా వస్తుందప్పా, నువ్వయినా చెప్పు అన్నాడు.

"వొస్తాది," అంది నారాయణమ్మ. "దానికోసం నువ్వు పనులు మానుకోకు, తమ్ముడా. అదే వొస్తాది."

బస్సు ఆగేచోటు దాకా పెట్టెకు ఒక పక్క తను పట్టుకుని నడిచింది. హైమ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు ఏదో అడిగితే దేముడి కంటే ముందు ఆమే జవాబు చెప్పడం కిటికీలోంచి కనపడింది. బస్సు రేవు గోడ వెంట మలుపు తిరిగిపోయింది.

మధ్యాహ్నానికి నారాయణమ్మ అన్నం వార్చి, చేపల పులుసు వేడిచేసి, పొయ్యి మీద చిన్న గిన్నెతో నీళ్లు పెట్టింది. నీళ్లు కాగాక మోకాళ్లు పట్టుకుని గోనె పక్కన నేల మీద చతికిలబడింది. గుడ్డ ముంచి పిండింది. మోచేతి లోపల పెట్టుకుని చూసుకుంది. పిల్లి కొత్త చెయ్యి వాసన చూసి గుర్రుమంది, చెవులు వెనక్కి వాల్చింది. ఆమె గుడ్డ ఆనించింది. పిల్లి చటుక్కున ఆమె బొటనవేలు పట్టుకుంది. నొప్పి మోచేతిదాకా పాకింది. నారాయణమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది, చెయ్యి మాత్రం లాక్కోలేదు. కాసేపటికి పళ్లు సడలాయి. గరుకు నాలుక ఆమె వేలిమీద పడింది.

గుడ్డ చల్లారాక, తను రోజూ గరిటె పట్టుకుని చూసినట్టే రెండు వేళ్లతో నెమ్మదిగా ఒత్తింది. ముందు ఏమీ రాలేదు. భయపడి ఆపి, ఇంకా నెమ్మదిగా మళ్లీ ఒత్తింది. మొన దగ్గర ఒక చుక్క నిలిచింది. పసుపు లేదు, నెత్తురు లేదు. పల్చగా, తెల్లగా, పాలు.

గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు భుజాల మీది తువ్వాళ్లతో ముఖాలు తుడుచుకుంటున్నారు. పులుసు వాసనకు ఎవరో ఆకలేస్తోందన్నాడు.

"కాసేపాగండి బాబూ," అంది నారాయణమ్మ తల తిప్పకుండా. "దీని పనింకా అవలేదు."

వాళ్లు వెళ్లి సందులో గోడవారన కూర్చున్నారు. నారాయణమ్మ దూది తీసుకుని ఆ చుక్కను మెల్లగా తుడిచింది.